మంచు మీద వస్తాదులు, మా చేతిలో కత్తెర

రిటైరయ్యాక మనిషిని పలకరించే దిక్కుండదంటారు. నా విషయంలో అది నిజం కాదు. సింగపూర్‌లో ఏ టీవీ కంపెనీలోనో, వీడియోలు చేసే ఆఫీసులోనో కొత్తగా ఉద్యోగం దొరికిన తెలుగు పిల్లలు ఆంగ్ మో కియోలో మా ఫ్లాట్‌కి వస్తూనే ఉంటారు. "లక్ష్మీ ఆంటీ, మీరు స్పోర్ట్స్ చానెల్లో అన్నేళ్లు ఎడిటర్‌గా చేశారు కదా, ఏమైనా సలహా చెప్పండి" అంటారు. పెసరట్లు వేస్తాను, తింటారు. తిన్నాక, అసలు వచ్చిందే అందుకన్నట్టు, నెమ్మదిగా బయటపెడతారు. ఐస్ హాకీలో అందరికంటే గట్టి ఫైటర్ ఎవరాంటీ అని.

ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. కోపం ఆ పిల్లల మీద కాదు. వాళ్లు మా చానెల్ వీడియోలు చూస్తూ పెరిగారు, వాళ్లకి అంతే తెలుసు. కోపం ఆ ప్రశ్నని అమ్ముకుని బతికినవాళ్ల మీద. నా నోరు మంచిది కాదని ఆఫీసులో అందరికీ తెలుసు. ఇప్పుడు పోయే ఉద్యోగం కూడా లేదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఇందులో నా ప్రమోషన్ల సంగతి ఉండదు. అవి నాకే పెద్దగా పనికిరాలేదు, మీకేం పనికొస్తాయి? పెద్ద పెద్ద ఆటగాళ్ల పేర్లూ ఉండవు. వాళ్లలో చాలామంది ఇళ్లల్లో ఇవాళ మందులు, నర్సులు ఉన్నారు. నా రాత పట్టుకుని ఇంకెక్కడో ఇంకో చర్చ మొదలుపెడితే నేను ఊరుకోను.

స్వెట్టర్ వేసుకుని చేసే ఉద్యోగం

మాది కాకినాడ. మా ఆయనకి ఇక్కడ ఓడల కంపెనీలో పని దొరికితే ఆయన వెనకే వచ్చాను. హైదరాబాదులో ఒక స్టూడియోలో ఎడిటింగ్ నేర్చుకుని ఉన్నాను కాబట్టి ఇక్కడ స్పోర్ట్స్ చానెల్లో తీసుకున్నారు. క్రికెట్ ఇస్తారనుకున్నాను, ఐస్ హాకీ ఇచ్చారు. ఎవరూ వద్దన్న పనిని కొత్తగా వచ్చినవాళ్ల మెడకి, అందులోనూ ఆడమనిషి మెడకి తగిలించడం ఏ దేశంలోనైనా మామూలే.

ఏడాది పొడుగునా చెమట కారే ఊళ్లో ఐస్ హాకీ ఎవరు చూస్తారని మీకు అనుమానం రావచ్చు. మా చానెల్ ఇక్కడ తయారై ఆసియా దేశాలన్నిటికీ వెళ్లేది. అమెరికాలో, కెనడాలో రాత్రి జరిగే ఆటలు మాకు పొద్దున్నే దిగేవి. మిషన్లు వేడెక్కకూడదని ఎడిటింగ్ గదిని ఫ్రిజ్‌లా ఉంచేవారు. స్వెట్టర్ వేసుకుని, కాళ్లకి మేజోళ్లు తొడుక్కుని కూర్చునేదాన్ని. ఒకసారి చోవా చూ కాంగ్‌లో మనవాళ్లింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్తే ఒక పెద్దాయన నా ఉద్యోగం గురించి అడిగారు. హాకీ మంచు మీద ఆడతారండీ అంటే, "మరి జారిపోరూ?" అన్నారు. జారతారండీ, కొట్టుకుంటారు కూడాను అన్నాను. ఆయన నా వంక జాలిగా చూసి, ఇంకో గరిటె ప్రసాదం వేయించారు.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెబుతాను. ఆ పెద్ద లీగ్‌లో ఒకప్పుడు ప్రతి జట్టులోనూ ఒక వస్తాదు ఉండేవాడు. గోల్ కొట్టడం అతని పని కాదు. తమ జట్టులో బక్కపలచగా ఉండి అందంగా ఆడే కుర్రాణ్ణి అవతలివాళ్లు గుద్దితే, ఇతను వెళ్లి వాళ్ల వస్తాదుతో కలబడాలి. చేతులకున్న గ్లవ్స్ కింద పడేశారంటే పోట్లాటకి పిలిచినట్టు. ఒకరి జెర్సీ ఒకరు పట్టుకుని ఉత్త పిడికిళ్లతో మొహం మీద గుద్దుకుంటారు. ఎవరో ఒకరు పడేదాకా రిఫరీలు పక్కనే నిలబడి చూస్తారు. తర్వాత ఇద్దర్నీ ఐదు నిమిషాలు వేరువేరుగా కూర్చోబెడతారు, బళ్లో అల్లరి పిల్లల్ని కూర్చోబెట్టినట్టు. ఇప్పుడు ఇది బాగా తగ్గింది. తగ్గింది కాబట్టే పాత వీడియోలకి అంత గిరాకీ.

నాకు పని నేర్పింది రహీమ్ గారని ఒక మలయ్ పెద్దమనిషి. ఆయన దగ్గర ఒకటే నియమం. టేపు మొత్తం ఆఖరిదాకా చూడాలి, ఆ తర్వాతే కత్తెర పట్టాలి. మధ్యలో లేస్తే, ఎక్కడికని కూడా అడగకుండా టేపుని మళ్లీ మొదటికి తిప్పేసేవారు. మొదట్లో విసుగొచ్చేది, లోపల తిట్టుకునేదాన్ని. ఈ వృత్తిలో నాకు నిజంగా పనికొచ్చిన చదువు అదొక్కటే. మీరు అచ్చంగా పాటించాల్సిందీ అదొక్కటే.

పడగానే కట్

ఫైట్ క్లిప్‌కి మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. మాకే కాదు, ప్రపంచంలో ఎక్కడైనా అంతే. గ్లవ్స్ కింద పడ్డ దగ్గర మొదలు. మనిషి కింద పడ్డ దగ్గర ఆఖరు. పడ్డాక జనం అరుపు వినపడేదాకా ఒక్క క్షణం ఉంచుతారు, అక్కడ కట్. పడ్డవాడు లేవడం క్లిప్‌లో ఉండదు. చూసేవాడికి విసుగొస్తుందని, వెళ్లిపోతాడని చెబుతారు. ఇందులో అబద్ధం లేదు, నిజంగానే వెళ్లిపోతారు.

కానీ అసలు టేపు అక్కడ ఆగదు కదా. పడ్డవాడి చుట్టూ మనుషులు మూగుతారు. ఒకడు తువ్వాలు తెస్తాడు. డాక్టరు మోకాళ్ల మీద కూర్చుని కళ్లల్లోకి లైటు వేస్తాడు. ఒక్కోసారి కొట్టినవాడు వెళ్లడానికి కాళ్లు రాక, అవతలివాడి హెల్మెట్ చేత్తో పట్టుకుని అక్కడే నిలబడి ఉంటాడు. రహీమ్ గారి పుణ్యమా అని ఇదంతా నేను చూసేదాన్ని. మీకు ఎవరూ చూపించలేదు.

చానెల్ టీవీలోంచి ఫోన్లలోకి మారాక మాకు డెరిక్ అని కొత్త బాస్ వచ్చాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, తెలివైనవాడు, ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కా. చెడ్డవాడని రాయను. నాకు జ్వరం వస్తే ఇంటికి పంపి, సాయంత్రం ఎలా ఉందని ఫోన్ చేసిన మనిషి. కానీ జన్మలో ఎవరి చేతా ఒక చెంపదెబ్బ కూడా తినలేదని మొహం చూస్తేనే తెలిసేది. గోల్స్ కంటే ఫైట్లు ఎక్కువమంది చూస్తున్నారని వచ్చిన కొత్తలోనే కనిపెట్టాడు. ఇక మాకు హాకీ లేదు, ఉత్త గుద్దులాటలే. పొద్దున వచ్చిన దగ్గర్నించి సాయంత్రం వెళ్లేదాకా మనుషులు పడిపోతూ ఉండేవారు. మా గదిలో ఎవ్వరూ లేచేవారు కారు.

కోపి తాగుతూ మొనగాణ్ణి తేల్చడం

అలా ఉండగా డెరిక్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఐస్ హాకీ చరిత్రలో అందరికంటే గట్టి ఫైటర్లు పదిమందిని ఏరి, వరసలో పెట్టి, లైవ్‌లో చర్చ పెడదామన్నాడు. ఆ పదిమందినీ తేల్చే పని ముగ్గురి మీద పడింది. డెరిక్, నేను, స్రవంతి. స్రవంతిది వరంగల్. అప్పటికి చేరి ఏడాది అయుంటుంది. తెర మీద కనపడే అంకెలు, బొమ్మలు తయారు చేయడం ఆ అమ్మాయి పని.

ఆఫీసు పక్క, తిండి దుకాణాలన్నీ ఒక్కచోట ఉండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఈ టేబుల్ మాదని చోప్ చేసుకుని కూర్చునేవాళ్లం. డెరిక్‌ది ఒకటే పాట. ఒక దెబ్బకి మనిషిని పడగొట్టే ఆ భారీకాయుడే మొదటివాడు, ఇంక మాట్లాడేదేముంది అనేవాడు. భారీకాయుడు సరే, తనంతవాడితో ఎన్నిసార్లు తలపడ్డాడో చెప్పమనేదాన్ని నేను. స్రవంతి ఒక ఎడంచేతి వాటం మనిషిని పట్టుకుంది. అందరూ అలవాటు కొద్దీ అవతలివాడి కుడిచేతి జెర్సీ పట్టుకుంటారు, ఈయన ఎడంచేత్తో దించుతాడు. బుర్ర ఉన్నవాడే మొనగాడని ఆ అమ్మాయి వాదన. నేనేమో ఫైటూ చేసి, ఆటా ఆడి, గోల్సూ కొట్టినాయన పేరు చెప్పాను. అతను ఆటగాడు, ఫైటర్ కాదు లా అని, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే ఆ 'లా'తో సహా, డెరిక్ కొట్టిపారేశాడు.

నోరు కట్టుకుని కూర్చున్నానని చెప్పను. ఇలాంటి వాదనలో మజా ఉంటుంది. నోట్లో కొబ్బరి జామ్ రాసిన కాయా టోస్ట్, చేతిలో ఇక్కడ కోపి అనే వేడి కాఫీ, ఎప్పుడో ఎవడో తిన్న దెబ్బల మీద పంతాలు. అందుకే ఇది అంత అసహ్యమైన సరదా.

ఒక రోజు స్రవంతి పట్టిక తెచ్చింది. పాత టేపులు చూసి, ఒక్కొక్క మనిషివీ లెక్క పెట్టింది. ఒక గడి కొట్టిన దెబ్బలకి. రెండో గడి తిన్న దెబ్బలకి. హడావుడిలో ఆ రెండో గడికి మన తెలుగునే ఇంగ్లీషులో పెట్టేసింది. తెర మీద పెద్ద అక్షరాల్లో, 'పంచెస్ ఈటెన్'.

డెరిక్ చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఈటెన్ ఏంటి లా? పంచ్‌లు హాకర్ సెంటర్‌లో అమ్ముతున్నారా?" అన్నాడు. స్రవంతి మొహం మాడిపోయింది. నాకు ఎక్కడో కాలింది. మా భాషలో దెబ్బలు తింటారు, తిట్లు తింటారు, తిన్నది ఒంటికి పడుతుంది, మీ దేశంలో పడదా అని అడిగేశాను. అతను నవ్వు ఆపి, కూల్ లా లక్ష్మి, మార్చేద్దాం అన్నాడు.

మార్చేముందు నేను ఒక పని చేయించాను. ఆ తిన్న దెబ్బల గడిని పట్టుకుని వరస తిప్పమన్నాను. డెరిక్ చిట్టచివర పదో స్థానంలో పడేసిన లెన్ అనే మనిషి ఒక్కసారిగా పైకొచ్చాడు. అంత గొప్పగా కొట్టేవాడు కాదు. ఓడిపోయినవే ఎక్కువ. కానీ జట్టు కోసం వెళ్లమంటే వెళ్లేవాడు, తనకంటే పెద్దవాడైనా వెళ్లేవాడు, పడేవాడు, మళ్లీ వచ్చే వారం వెళ్లేవాడు. డెరిక్ చూశాడు. దెబ్బలు తినేవాణ్ణి ఎవరు చూస్తారు అన్నాడు. గడి మొత్తం తీసేశారు.

లెన్ వచ్చాడు

స్రవంతి సెంగ్‌కాంగ్‌లో ఒక కాండో అపార్ట్‌మెంట్‌లో ఇంకో ఇద్దరు అమ్మాయిలతో అద్దెకుండేది. పట్టిక గొడవ జరిగిన కొన్నాళ్లకి పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఆంటీ, మా లిఫ్ట్‌ల ఆయనున్నడు. లెన్. నా కండ్లతోని చూసిన" అంది. నిజమే. ఆయన కూతురు క్లేర్ ఇక్కడ స్కూల్లో టీచరు. భార్య పోయాక కూతురి దగ్గరే ఉంటున్నాడు. అంతమంది కోసం టేపులు తవ్వుతుంటే, ఒకాయన రోజూ స్రవంతి ఎక్కే లిఫ్ట్‌లోనే ఎక్కి దిగుతున్నాడు. ఆ సంతోషం పట్టలేక స్రవంతి డెరిక్‌కి కూడా చెప్పేసింది. మర్నాటికే డెరిక్ వాళ్ల తలుపు తట్టాడు. పెద్దాయన వచ్చి చర్చలో కూర్చుంటే చాలు, ఎవరు మొదటివాడో ఆయన నోటితోనే తేల్పిద్దామని.

క్లేర్ ఆయన్ని వెంటబెట్టుకుని ముందొకసారి ఆఫీసుకి వచ్చింది. నా గదిలోనే కూర్చున్నారు. ఆయన తలుపు నిండా ఉన్నాడు. నేను చలికి ముడుచుకుని ఉండటం చూసి, ఈ గది బాగుందమ్మా, మా ఊరిలా ఉంది అన్నాడు. చేతులు టేబుల్ మీద పెట్టాడు. పిడికిలి కణుపులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, వేళ్లు తలోవైపు తిరిగి ఉన్నాయి. నా పేరు అడిగాడు. కాసేపటికి మళ్లీ అడిగాడు. మూడోసారి అడిగినప్పుడు క్లేర్ నా వైపు చూసింది, నేను మొదటిసారి చెప్పినట్టే చెప్పాను.

ఆయన మంచినీళ్లకి లేచి వెళ్లినప్పుడు క్లేర్ డెరిక్‌తో ఒక్క మాట అడిగింది. పాత స్నేహితుల గురించి మాట్లాడటం నాన్నకి ఇష్టం, అందుకే ఒప్పుకున్నాను, కానీ ఆయన ఆఖరి ఫైట్ మాత్రం చూపించొద్దు అంది. ఆ దెబ్బతోనే ఆయన ఆట ఆగిపోయింది, చాలా రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ఇంటర్నెట్‌లో అది కంటపడితే రోజుల తరబడి నిద్రపోడు, గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు అని చెప్పింది.

డెరిక్ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ప్రామిస్. హండ్రెడ్ పర్సెంట్" అన్నాడు. నేనూ, స్రవంతీ అక్కడే ఉన్నాం.

ఇచ్చిన మాట

లైవ్ రోజున క్లిప్పులు వదిలే సీటు నాది. యాంకర్ మాట అందించగానే సరైన క్లిప్ నొక్కాలి. పొద్దున్నే వరస చూసుకుంటుంటే ఆఖర్న కనపడింది. లెన్ చివరి ఫైట్. పడగానే కట్ చేసిన ముక్క.

అరికాలి మంట నెత్తికెక్కింది. డెరిక్ గదికి వెళ్లాను. మాట ఇచ్చారు కదా అన్నాను. ప్రపంచమంతా చూసిందే కదా లక్ష్మి, ఇందులో మనం కొత్తగా చేస్తున్నదేముంది, ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగితే అదే షోకి ప్రాణం అన్నాడు. ఆయన మనిషా, మీ షోకి పెట్టే తాలింపా అని తెలుగులోనే అరిచాను. అర్థం కాకపోయినా గొంతు అర్థమయింది. వెనక్కొచ్చి క్లిప్‌ని వరసలోంచి తీసేశాను. అతని పని అతను చేస్తాడని తెలుసు కాబట్టి ఇంకో పని కూడా చేశాను. పాత టేపుల్లోంచి ఆ ఫైట్ మొత్తం, ముందూ వెనకా కోయకుండా, తెచ్చి నా మిషన్‌లో పెట్టుకున్నాను. అదెందుకో అప్పుడు నాకే సరిగ్గా తెలియదు. మొత్తం చూడకుండా ఉండలేని అలవాటు, అంతే.

షో మొదలైంది. క్లేర్ కంట్రోల్ రూమ్‌లో నా వెనకే నిలబడింది. లెన్ కోటు వేసుకుని, జుట్టు దువ్వుకుని, పెళ్లికి వచ్చిన పెద్దాయనలా కూర్చున్నాడు. కొత్త సంగతులు నిలవకపోయినా పాతవి ఆయనకి చక్కగా గుర్తున్నాయి. యాంకర్ ఒక్కొక్కరి క్లిప్ వేయించి, ఇతను ఎంత గట్టివాడు అని అడుగుతున్నాడు. ఆయన ఆ ప్రశ్నకి జవాబే చెప్పడు. భారీకాయుణ్ణి చూసి, ఇతను రొట్టెలు బాగా చేస్తాడు, వాళ్లమ్మ నేర్పింది అన్నాడు. ఎడంచేతి వాటం ఆయన్ని చూసి, పాపం ఇతనికి విమానం అంటే భయం, నా చెయ్యి పట్టుకుని కూర్చునేవాడు అన్నాడు. మరి మొదటివాడెవరు సార్, మీరే తేల్చాలి అని యాంకర్ పట్టుబట్టాడు. లెన్ మాత్రం "అందరికీ భయంగానే ఉండేది" అన్నాడు.

నా చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్‌లో డెరిక్ విసుక్కోవడం వినపడుతోంది. పక్క మిషన్‌లో ఇంకొకరి చేత ఆ క్లిప్ పెట్టించాడని అప్పుడే తెలిసింది. వద్దని నేను కేక వేసేలోపల స్టూడియో తెర మీద వచ్చేసింది.

గ్లవ్స్ పడ్డాయి. జెర్సీలు పట్టుకున్నారు. ఒక దెబ్బ, ఇంకో దెబ్బ, మూడోది చెవి పక్కన. మోకాళ్లు విరిగిపోయినట్టు ఒక మనిషి మంచు మీద మొహం పెట్టి పడ్డాడు. జనం అరిచారు. కట్.

లెన్ కుర్చీలో ముందుకి వంగాడు. ఏడవలేదు. మొహంలో ఒక రకమైన ఆదుర్దా, రోడ్డు మీద ఎవరికో దెబ్బ తగిలితే చూసినట్టు.

"ఆ మనిషి లేచాడా?" అన్నాడు.

యాంకర్ జోక్ అనుకుని నవ్వాడు. మీరే చెప్పాలి సార్ అన్నాడు. లెన్ నవ్వలేదు. ఖాళీ తెర వైపే చూస్తూ, "అతను లేవలేదేం? ఎవరైనా వెళ్లారా అతని దగ్గరికి?" అన్నాడు.

వెనకాల క్లేర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పడ్డది తనేనని ఆయనకి తెలియదు. ఆ ఫైట్ ఆయన బుర్రలోంచి పూర్తిగా చెరిగిపోయింది. తర్వాత క్లేర్ చెప్పింది, ఇంటర్నెట్‌లో చూసినప్పుడల్లా ఎవరో ఒకతను పడిపోయాడని, లేవలేదని, చచ్చిపోయాడేమోనని రోజుల తరబడి గదిలో తిరుగుతూ ఉంటాడట. లేచాడు నాన్నా అని క్లేర్ ఎన్నిసార్లు చెప్పినా, చూడలేదు కదా, ఎలా నమ్ముతాడు? ప్రపంచంలో దొరికే ప్రతి ముక్కా అక్కడే ఆగిపోతుంది. మా పద్ధతి ఆ పెద్దమనిషిని అన్నేళ్లు అలా తిప్పింది.

నేను ఎవర్నీ అడగలేదు. టేపుని ఆ దెబ్బ దగ్గరికి తెచ్చి వదిలేశాను.

తెర మీద మనిషి పడి ఉన్నాడు. జనం అరుపులు నెమ్మదిగా ఆగాయి. కొట్టినవాడు మోకాళ్ల మీద కూలబడి, పడ్డవాడి తల కింద తన చెయ్యి పెట్టి, రెండో చేత్తో డాక్టర్ని రమ్మని ఊపుతున్నాడు. తువ్వాలు వచ్చింది. డాక్టరు వచ్చాడు. ఏమీ జరగదు, చాలాసేపు ఏమీ జరగదు. చెవిలో డెరిక్ "కట్ ఇట్! లక్ష్మి, కట్!" అని అరుస్తున్నాడు. నేను చెవిలోది తీసి టేబుల్ మీద పడేశాను. లెన్ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని చూస్తున్నాడు. అప్పుడు పడ్డవాడి కాలు కదిలింది. కొట్టినవాడు ఒక పక్క, ఇంకొకడు ఒక పక్క పట్టుకుని లేపారు. నిలబడ్డాడు. స్టేడియం అంతా నిలబడింది.

లెన్ పెద్దగా ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు.

మీరు చూసిన ముక్క

మీ ఫోన్లలో తిరుగుతున్న వీడియో నాకు తెలుసు. ముసలాయన లేచాడా అని అడుగుతాడు, యాంకర్ నవ్వుతాడు, అక్కడ కట్. కింద నవ్వే బొమ్మలు. షో అవ్వగానే కారిడార్‌లో డెరిక్ ఆ ముక్కని కోసి పెట్టమని స్రవంతికే చెప్పాడు. నా ఎదురుగానే చెప్పాడు, సిగ్గు లేకుండా. స్రవంతి ఇంగ్లీషులో అతనికి నో అంది. నా వైపు తిరిగి, "నాతోని కాదాంటీ, ఏమన్న అననీ" అంది. ఆ పిల్ల వీసా ఆ ఉద్యోగం మీదే ఉంది, అయినా అంది. చివరికి ఇంకెవరో కోశారు. తీయించమని పైవాళ్ల దాకా వెళ్లాను. చూద్దాం అన్నారు. ఆ చూద్దాం ఇంకా అలాగే ఉంది. ఆ నెలలోనే నేను బయటికొచ్చేశాను. స్రవంతి కూడా వేరే చోట చేరింది.

కాబట్టి నా ఇంటికొచ్చి గట్టి ఫైటర్ ఎవరాంటీ అని అడగబోయే పిల్లలకి చెబుతున్నాను. కత్తెర ఎక్కడ పడాలో మిషన్ చెప్పదు, బాస్ చెప్పినా మీ వేలే నొక్కుతుంది. మీ వేలిని మీరే చూసుకోండి. అంతకంటే సలహా నా దగ్గర లేదు.

ఆ షో రోజు సంగతి ఇంకొకటి ఉంది. కారిడార్‌లో డెరిక్ నా మీద ఇంకా అరుస్తూనే ఉన్నాడు. లైవ్ పాడుచేశాననీ, ఇంకో షో ఇవ్వననీ. నేనూ తక్కువ తినలేదు. అప్పుడు క్లేర్ లెన్ చెయ్యి పట్టుకుని స్టూడియోలోంచి తీసుకొచ్చింది. ఆయన మమ్మల్ని చూసి ఆగాడు. మా గొడవ ఆయనకి పట్టలేదు. మిగతా సినిమా వేసింది ఎవరని అడిగాడు. నేనేనన్నాను. ఆ వంకర వేళ్లతో నా చెయ్యి పట్టుకున్నాడు. బరువుగా, వెచ్చగా ఉంది.

"అతను లేచాడు" అన్నాడు.

"లేచారండీ. నేనూ చూశాను" అన్నాను.

"చాలాకాలంగా బెంగగా ఉండేది. అతనికి ఇంటి దగ్గర చిన్న కూతురుంది. రోజూ ఆట అయ్యేదాకా నిద్రపోకుండా కూర్చుంటుందట" అని క్లేర్ వైపు తిరిగాడు. "ఎవరైనా ఫోన్ చేసి ఆ పిల్లకి చెప్పాలి కదమ్మా."

క్లేర్ ఆయన కోటు గుండీ పెట్టింది.

"ఆ పిల్లకి తెలిసింది నాన్నా" అంది.